అయిదో అధ్యాయం మొదటికి రావాలి

లెస్లీ స్మార్ట్, ఎలైన్ మూర్ కలిసి రాసిన ‘సాలిడ్ స్టేట్ కెమిస్ట్రీ: యాన్ ఇంట్రడక్షన్’ తొలిసారి 1992లో వెలువడింది. డిగ్రీలో ఘనస్థితి రసాయనశాస్త్రం మొదలుపెట్టే విద్యార్థి కోసం రాసిన పుస్తకం. రచయిత్రులిద్దరూ బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీలో పనిచేసినవారు. 1969లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం పాత మార్కుల జాబితాలు అడగకుండా, పగలంతా ఉద్యోగం చేసి రాత్రి పుస్తకం తెరిచేవాళ్లకు తలుపు తీసింది. పక్కన గురువు లేడని తెలిసి రాసే ఓర్పు ఈ పుస్తకంలో కనిపిస్తుంది. ఒక మెట్టు చెప్పకుండా రెండో మెట్టు ఎక్కించదు. బొమ్మ అవసరమైన చోట బొమ్మ ఉంటుంది. అధ్యాయం చివర ప్రశ్నలుంటాయి.

కవిత్వమూ కథలూ చదివే పాఠకులకు ఇటువంటి పుస్తకంతో ఏం పని అని అడిగేవాళ్లుంటారు. ఆ ప్రశ్న తెలుగులో పుట్టింది కాదు. 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్రలనూ నవలలనూ శాస్త్రగ్రంథాలనూ ఒకే వరసలో అచ్చువేసింది. అవన్నీ ఒకే పాఠకుడు చదువుతాడని నమ్మింది. ఆ నమ్మకాన్ని తరవాతి తరాలు వదులుకున్నాయి. శాస్త్రం కోచింగ్ సెంటర్లకూ సాహిత్యం సభలకూ పంచుకుపోయాయి. ఈ పంపకంలో రెండు పక్షాలూ నష్టపోయాయనడానికి ఘనస్థితి రసాయనశాస్త్రానికి పట్టిన గతే సాక్ష్యం.

2022లో పాఠ్యభారం తగ్గించే పేరుతో జరిగిన మార్పుల్లో ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి రసాయనశాస్త్రం నుంచి ‘ఘనస్థితి’ అధ్యాయం మొత్తంగా ఎగిరిపోయింది. అది ఆ పుస్తకంలో మొదటి అధ్యాయం. 2024 నుంచి నీట్, జేఈఈ మెయిన్ పాఠ్యప్రణాళికలు కూడా దాన్ని వదిలేశాయి. అదే దేశం 2021 డిసెంబరులో సెమీకండక్టర్ల పరిశ్రమ కోసం 76,000 కోట్ల రూపాయల పథకాన్ని ప్రకటించింది. అదే దేశం 2014లో భారతరత్న బహూకరించిన సి.ఎన్.ఆర్. రావు జీవితమంతా పనిచేసింది ఘనస్థితి రసాయనశాస్త్రంలోనే. చిప్పులు కావాలి, బ్యాటరీలు కావాలి, ఆ శాస్త్రవేత్తకు పతకం కావాలి. ఆ శాస్త్రానికి మాత్రం పదిహేడేళ్ల పిల్లల పుస్తకంలో చోటు లేదు.

ఈ కోతను నిందించడం తేలిక. నిందించవలసిందే. అయితే ఒక ఇబ్బందికరమైన ప్రశ్న మిగులుతుంది. అధ్యాయం పోయినప్పుడు బాధపడిన విద్యార్థి ఎవరు? బాధపడిన అధ్యాపకులైనా ఎందరు? చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. దానికి కారణం ఉంది. పరీక్షల చేతిలో పడిన ఘనస్థితి గోళీలు పేర్చే లెక్కగా మారిపోయింది. సరళ ఘనంలో గోళాలు ఆక్రమించే చోటు 52.4 శాతం, అంతఃకేంద్రిత ఘనంలో 68, ఫలక కేంద్రిత ఘనంలో 74. అంచు పొడవు ఇస్తే సాంద్రత కట్టాలి, సాంద్రత ఇస్తే పరమాణు భారం కట్టాలి. ఒక్క ఘనపదార్థాన్నీ చేత్తో ముట్టకుండా, దాని రంగు గురించి గానీ విద్యుత్ గురించి గానీ ఆలోచించకుండా, పూర్తి మార్కులు తెచ్చుకోవచ్చు. ప్రాణం ముందే పోయిన అధ్యాయాన్ని పాఠ్యప్రణాళిక నుంచి తీసేయడానికి ఎవరికీ పెద్ద ధైర్యం అక్కర్లేకపోయింది.

ఆ ప్రాణం ఎక్కడుందో స్మార్ట్, మూర్‌ల పుస్తకం చెబుతుంది. కాని ఆలస్యంగా చెబుతుంది. ఈ సమీక్షకు ఆధారమైన 2005 నాటి మూడో కూర్పులో మొదటి అధ్యాయం స్ఫటిక నిర్మాణాలు, రెండోది వాటిని పరీక్షించే పద్ధతులు, మూడోది తయారీ, నాలుగోది బంధాలూ ఎలక్ట్రాన్లూ. అయిదో అధ్యాయానికి వచ్చాకే లోపాల ప్రసక్తి సవిస్తరంగా వస్తుంది. స్ఫటికంలో ఉండవలసిన చోట లేని అయాన్లు, ఉండకూడని చోట దూరిన అయాన్లు, ఒకదాని స్థానంలో కూర్చున్న మరొకటి: వీటికి తెలుగు పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు స్ఫటిక లోపాలు. పుస్తకంలో మిగిలిన సగం, అంటే సూక్ష్మరంధ్రాల ఘనపదార్థాలు, కాంతి ధర్మాలు, అయస్కాంతత్వం, అతివాహకత, నానో పదార్థాలు, చాలావరకు ఈ అయిదో అధ్యాయం మీద నిలబడి ఉంది. అంత బరువు మోసే అధ్యాయం అయిదోది కావడమే ఈ పుస్తకంతో ఉన్న ప్రధానమైన తగాదా.

ఉప్పునే తీసుకుందాం. శుద్ధమైన సోడియం క్లోరైడ్ స్ఫటికానికి రంగు లేదు. దాన్ని సోడియం ఆవిరిలో వేడిచేస్తే పసుపు రంగు తిరుగుతుంది. క్లోరైడ్ అయాన్లు కొన్ని తమ చోట్లు వదిలి పైకి పోతాయి. ఖాళీ అయిన ఒక్కో చోటులో ఒక్కో ఎలక్ట్రాన్ చిక్కుకుంటుంది. ఆ చిక్కుకున్న ఎలక్ట్రాన్ కాంతిలో కొంత భాగాన్ని మింగేస్తుంది. ఆ పసుపు రంగు అదనంగా చేరిన ఏ అద్దకానిదీ కాదు, ఒక ఖాళీది. ఇంట్లో ఉప్పు డబ్బా ఉన్న ప్రతి విద్యార్థికీ ఇది మొదటి పేజీలో చెప్పదగిన సంగతి. పుస్తకం దీన్ని చెబుతుంది, బాగా చెబుతుంది, అయితే నాలుగు అధ్యాయాల జ్యామితిని దాటి వచ్చినవాడికి మాత్రమే.

ఎక్స్‌రే ఫిల్మ్‌నూ అలాగే చూడవచ్చు. డిజిటల్ పలకలు వచ్చేదాకా దశాబ్దాల తరబడి ఆసుపత్రులు విరిగిన ఎముకలనూ ఉబ్బిన గుండెలనూ చూసింది సిల్వర్ హాలైడ్ ఫిల్మ్ మీద. సిల్వర్ బ్రోమైడ్‌లో కొన్ని వెండి అయాన్లు తమ స్థానాలు వదిలి సందుల్లో తిరుగుతుంటాయి. పాఠ్యపుస్తకాల్లో దీని పేరు ఫ్రెంకెల్ లోపం. కాంతి తగిలి విడుదలైన ఎలక్ట్రాన్ ఒక చోట ఆగితే, ఈ తిరుగుబోతు అయాన్లు అక్కడికి చేరి చిన్న వెండి చుక్కగా కూడుతాయి. ఆ చుక్కలే డెవలపర్‌లో పెరిగి చిత్రమవుతాయి. ప్రతి వెండి అయానూ తన చోట క్రమశిక్షణతో కూర్చుని ఉంటే ఫిల్మ్ మీద ఏ నీడా పడేది కాదు.

ఈ వరస ఎంతైనా సాగుతుంది. జిర్కోనియాలో కొంత జిర్కోనియం స్థానంలో ఇట్రియం చేరిస్తే, విద్యుదావేశం సరిపెట్టడానికి కొన్ని ఆక్సైడ్ అయాన్ల చోట్లు ఖాళీ అవుతాయి. వేడి చేసినప్పుడు ఆ ఖాళీల మీదుగా మిగిలిన ఆక్సైడ్ అయాన్లు నడుస్తాయి. కారు పొగగొట్టంలో ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ పనిచేసేది ఈ నడక వల్ల. సెల్‌ఫోన్ బ్యాటరీలకు దారితీసిన లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌ను 1980లో గుడినఫ్ బృందం ప్రకటించింది; ఆ కృషికి 2019లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. చార్జింగ్ అంటే ఆ స్ఫటికపు పొరల మధ్య నుంచి లిథియం అయాన్లను బయటికి లాగి చోట్లు ఖాళీ చేయడమే. 1987లో ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన ఇట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్ దాదాపు 93 కెల్విన్ల దగ్గర అతివాహకం అవుతుంది, అంటే 77 కెల్విన్ల వద్ద మరిగే ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిస్తే చాలు. దాని సూత్రంలో ఏడుకు దగ్గరగా ఉండే ఆక్సిజన్ లెక్క ఆరుకు దిగితే అదే పదార్థం విద్యుత్ బంధకంగా మారిపోతుంది. ఒక పదార్థం ఏమిటన్నది అందులో ఏముందన్న దాని మీద ఎంత ఆధారపడుతుందో, ఏం లేదన్న దాని మీదా అంతే ఆధారపడుతుంది.

ఇక్కడ ఒక పాత తగాదాను గుర్తు చేసుకోవడం అవసరం. పద్దెనిమిదో శతాబ్దం చివర, పందొమ్మిదో శతాబ్దం మొదట ఫ్రెంచి రసాయనవేత్తలు ప్రౌస్ట్, బెర్తొలే వాదులాడుకున్నారు. ఏ సమ్మేళనంలోనైనా మూలకాల నిష్పత్తి మారదన్నాడు ప్రౌస్ట్. మారగలదన్నాడు బెర్తొలే. ప్రౌస్ట్ గెలిచాడు, స్థిరానుపాత నియమం బడిపుస్తకాల్లో శిలాశాసనమైంది. కాని ఫెర్రస్ ఆక్సైడ్ ఆ శాసనాన్ని పాటించదు. 100 ఆక్సిజన్ అయాన్లకు 95 లేదా అంతకన్నా తక్కువ ఇనుప అయాన్లే అందులో ఉంటాయి. టైటానియం మోనాక్సైడ్ ఇంకా విడ్డూరం: నిష్పత్తి ఒకటికి ఒకటిగా ఉన్నప్పుడు కూడా రెండు రకాల స్థానాల్లోనూ సుమారు ఆరో వంతు ఖాళీ. ఇటువంటి సమ్మేళనాలకు తరవాతి శాస్త్రవేత్తలు ఓడిపోయినవాడి పేరే పెట్టి బెర్తొలైడ్లు అన్నారు. తొమ్మిదో తరగతిలో ప్రౌస్ట్‌ను వల్లెవేసిన విద్యార్థికి, ఆ నియమం ఎక్కడ ఆగిపోతుందో చెప్పే అధ్యాయం ఒక్కటే ఉండేది. ఇప్పుడు దాన్నీ తీసేశారు.

పుస్తకం క్రమాన్ని సమర్థించేవాళ్లకు ఒక గట్టి వాదం ఉంది. వైద్యవిద్యార్థి ముందు శరీరనిర్మాణం చదువుతాడు, తరవాతే రోగాలు. ఆరోగ్యవంతమైన గుండె ఎలా ఉంటుందో తెలియనివాడు జబ్బుపడిన గుండెను ఏం గుర్తిస్తాడు? అలాగే సంపూర్ణమైన స్ఫటికం తెలియకుండా లోపం ఎలా తెలుస్తుంది? వినడానికి ఈ వాదం సమంజసంగా ఉంది. దాని పొరపాటు దాని ఉపమానంలోనే ఉంది. ఆరోగ్యవంతమైన గుండెలు లోకంలో కోట్ల సంఖ్యలో కొట్టుకుంటున్నాయి. సంపూర్ణమైన స్ఫటికం ఒక్కటీ లేదు. ఉండదు కూడా. ఒక అయాన్‌ను దాని చోటు నుంచి కదిలించడానికి శక్తి ఖర్చవుతుంది. అయితే ఆ ఖాళీ ఎక్కడైనా ఉండవచ్చు కనుక అమరికల సంఖ్య పెరిగి ఎంట్రపీ పెరుగుతుంది. ఈ రెంటి మధ్య సర్దుబాటులో, పరమశూన్యానికి పైన ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా, కొన్ని ఖాళీలున్న స్ఫటికమే అన్నిటికన్నా స్థిరమైనది. గది ఉష్ణోగ్రతలో ఒక ఘన సెంటీమీటరు ఉప్పులో 10²² స్థాయిలో అయాన్లుంటే, లెక్క ప్రకారం అందులో జంటలుగా ఏర్పడిన ఖాళీలు సుమారు 10⁶. సంఖ్య చిన్నదే. ఆ చిన్న సంఖ్య సున్నా కావడం మాత్రం ప్రకృతికి సమ్మతం కాదు. కాబట్టి వైద్యభాషలోనే చెప్పాలంటే లోపం స్ఫటికానికి వచ్చిన రోగం కాదు, దాని శరీరధర్మం. దాన్ని రోగాల జాబితాలో చేర్చి అయిదో అధ్యాయానికి నెట్టడం మొదటి పాఠంలోనే అబద్ధం చెప్పడం.

ఆ అబద్ధానికి మూల్యం కూడా ఉంది. 1982లో డాన్ షెక్ట్‌మన్ ఒక అల్యూమినియం, మాంగనీసు మిశ్రలోహంలో పది చుక్కల వలయాన్ని చూశాడు. స్ఫటికాల్లో అటువంటి సౌష్ఠవం అసాధ్యమని అప్పటి పాఠ్యపుస్తకాలన్నీ చెప్పాయి. అతని పరిశోధనపత్రం 1984లో అచ్చయింది. రెండు నోబెళ్లు అందుకున్న లైనస్ పాలింగ్ అంతటివాడు చివరిదాకా ఒప్పుకోలేదు. 2011లో షెక్ట్‌మన్‌కు నోబెల్ వచ్చింది. ఆదర్శాన్ని వాస్తవంగా నేర్పిన పుస్తకాలు మేధావుల కళ్లను కూడా కట్టేయగలవు.

తెలుగు సాహిత్య పాఠకుడికి ఈ విషయం అర్థం చేసుకోవడం నిజానికి ఇతరులకన్నా తేలిక. అతని వ్యాకరణంలోనే ఆ మాట ఉంది. ‘రాముడు’, ‘అతడు’ కలిసి ‘రాముడతడు’ అయినప్పుడు ఉకారం లోపించిందంటారు. అక్కడ లోపమంటే తప్పు కాదు, కనబడకపోవడం. పాణిని కూడా లోపాన్ని నిర్వచించింది కనబడకపోవడంగానే. ఒక స్వరం తప్పుకున్నందువల్లే రెండు పదాలు అతుక్కున్నాయి. స్ఫటిక లోపానికి సరైన అర్థం ఇది. వ్యవహారంలో లోపం పక్కనే దోషం వచ్చి కూర్చుంది. పాఠ్యపుస్తకం ఆ రెండో అర్థాన్నే విద్యార్థి తలకెక్కించింది. సాహిత్యం చదివినవాడు రసాయనశాస్త్రం తరగతి గదిలో ఉండి ఉంటే ఈ పొరపాటును ఒక్క వాక్యంతో సరిదిద్దేవాడు. రెంటినీ విడదీసిన పంపకం ఆ అవకాశాన్నే పోగొట్టింది.

స్మార్ట్, మూర్‌ల పుస్తకం మీద రెండో ఫిర్యాదు దానిలో లేని అధ్యాయం గురించి. మూడో కూర్పులో ప్రాణుల దేహాల్లోని ఖనిజాలకు ప్రత్యేక అధ్యాయం లేదు. ప్రతి పాఠకుడూ జీవితాంతం మోసే ఘనపదార్థం అతని ఎముక. అందులోని ఖనిజం హైడ్రాక్సీ అపటైట్ కుటుంబానిది: కాల్షియం, ఫాస్ఫేట్, హైడ్రాక్సైడ్. అయితే ఎముకలో ఉన్నది పుస్తకంలోని శుద్ధ రూపం కాదు. కాల్షియం కొంత తక్కువ. ఫాస్ఫేట్ స్థానాల్లో అక్కడక్కడా కార్బొనేట్. స్ఫటికాలు అతి సూక్ష్మం, క్రమం అంతంతమాత్రం. ఆ అక్రమమే ఎముకను సజీవంగా ఉంచుతుంది. పాత ఎముకను కరిగించే కణాలు ఆమ్లంతో దాన్ని కరిగించగలగాలి, కొత్త ఎముకను కట్టే కణాలు మళ్లీ కట్టగలగాలి. మరీ నిక్కచ్చిగా, మరీ స్థిరంగా ఉన్న స్ఫటికం ఈ ఇచ్చిపుచ్చుకోవడాలకు లొంగదు.

ఇది ఊహ కాదని తెలుగునేలకు బాగా తెలుసు. భారతదేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా నుంచి. నీటిలోని ఫ్లోరైడ్ అయాన్ అపటైట్‌లోని హైడ్రాక్సైడ్ చోటులో చక్కగా ఇముడుతుంది. స్ఫటికం మరింత క్రమంగా, మరింత స్థిరంగా తయారవుతుంది. ఆమ్లానికి అంత తేలిగ్గా కరగదు. పంటి మీద కొద్దిపాటి ఫ్లోరైడ్ మేలు చేసేది ఇందుకు కూడా. మోతాదు మించి ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే కథ తిరగబడుతుంది. ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా, చూసేవాడికి బలంగా కనిపిస్తుంది. స్నాయువులు గట్టిపడతాయి, వెన్ను వంగి బిగుసుకుంటుంది, దట్టమైన ఆ ఎముకే పెళుసవుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సంఖ్య వెనక ఉన్న రసాయనశాస్త్రంలో ఇది ఒక ముఖ్యభాగం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌లతో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ నల్లగొండ పేరే పెట్టింది. ప్రపంచమంతటా పుస్తకాల్లో నల్లగొండ పేరున్న ఒక పద్ధతి ఉండగా, నల్లగొండ విద్యార్థికి ఘనస్థితి అంటే గోళీల లెక్కగా మిగలడం కన్నా అన్యాయం ఏముంటుంది?

ఇక రేపటి వైద్యుల సంగతి. నీట్ రాసి వచ్చే విద్యార్థులకు ఘనస్థితి అనవసరమని తేల్చినవారు ఆసుపత్రిలో మందుల అలమర ఒకసారి తెరిచి చూడవలసింది. మూత్రపిండాలు చెడి రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగిన రోగికి ఇచ్చే సోడియం జిర్కోనియం సైక్లోసిలికేట్‌ను అమెరికాలో 2018లో ఆమోదించారు. అది స్మార్ట్, మూర్‌ల ఆరో అధ్యాయపు దాయాది: సూక్ష్మరంధ్రాలున్న ఘనపదార్థం. దాని రంధ్రం కొలత పొటాషియం అయాన్‌కు సరిపోతుంది. ప్రేగుల్లో పొటాషియంను పట్టుకుని బదులుగా సోడియంను, హైడ్రోజన్‌ను వదులుతుంది. 1996లో మార్కెట్లోకి వచ్చిన ఎయిడ్స్ మందు రిటోనవిర్ కథ ఇంకా తీవ్రమైనది. 1998లో అదే అణువు అంతకుముందు ఎవరూ చూడని మరో స్ఫటిక రూపంలో పేరుకోవడం మొదలుపెట్టింది. అణువులో ఒక్క పరమాణువూ మారలేదు, అమరిక మారింది. కొత్త రూపం సరిగా కరగదు. కరగని మందు రక్తంలోకి చేరదు. క్యాప్సూళ్లను మార్కెట్ నుంచి ఉపసంహరించి మందును కొత్తగా రూపొందించవలసి వచ్చింది. ఆ మందు మీద ప్రాణాలు నిలుపుకున్న రోగులకు ఘనస్థితి పాఠ్యభారం కాదు.

ఇంత తగాదా పెట్టుకున్నా స్మార్ట్, మూర్‌ల పుస్తకాన్ని వదులుకోవాలని ఎవరూ అనరు. మూడో అధ్యాయంలో పొడులు కలిపి నూరడం, కొలిమిలో గంటల తరబడి కాల్చడం, మళ్లీ నూరి మళ్లీ కాల్చడం గురించి చదివినవాడికి ఘనపదార్థాల మధ్య చర్య ఎంత మందకొడిగా సాగుతుందో, ఎందుకు సాగుతుందో తెలుస్తుంది. అతివాహకాల అధ్యాయం డిగ్రీ విద్యార్థిని పరిశోధన అంచుదాకా తీసుకెళుతుంది. చదివేవాడికి ఒక్క సూచన చాలు: మొదటి అధ్యాయంలో ఉప్పు స్ఫటికం నిర్మాణం చూసి, నేరుగా అయిదో అధ్యాయానికి వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి రావాలి. అప్పుడు ఎక్స్‌రే వివర్తనం, బంధాలు, తయారీ ఎవరి కోసం ఉన్నాయో బోధపడుతుంది.

రాసేవారికి చెప్పవలసింది మరొకటుంది. తెలుగులో ఎవరైనా ఈ శాస్త్రానికి ప్రవేశిక రాస్తే, కొత్త కూర్పులు తెచ్చే ఆంగ్ల రచయితలు క్రమం మార్చదలిస్తే, లేదా ఎన్‌సీఈఆర్‌టీ తన కోతను వెనక్కి తీసుకుంటే, పాత అధ్యాయాన్ని పాత రూపంలో తేవద్దు. 52.4, 68, 74 అనుబంధంలోకి పోవాలి. మొదటి పేజీలో పసుపు తిరిగిన ఉప్పు ఉండాలి, రెండో పేజీలో నల్లగొండ ఎముక ఉండాలి. ఆ రెండు పేజీలు చదివిన పిల్లవాడు మూడో పేజీలో నిర్మాణం ఏమిటని తనంత తానే అడుగుతాడు. అతను అడిగాక చెప్పే జ్యామితి అతనికి భారం కాదు.